స్క్రీనింగ్ డ్యూటీకి మనిషిని పంపే ముందు అధికారం కాగితం మీద పెట్టడం ఎలా

2020 మార్చి చివరి వారం. రాష్ట్ర సరిహద్దులో ఒక చెక్‌పోస్టు. టెంటు కింద ప్లాస్టిక్ కుర్చీలో ఒక ఏఎన్‌ఎం, చేతిలో జ్వరం చూసే గన్, ముందు రిజిస్టర్. కారులో వచ్చిన ఒకాయనకు జ్వరం చూపించింది. "కాస్త పక్కకు పెట్టండి సార్, డాక్టరుగారు వచ్చి చూస్తారు" అంది. "నన్ను ఆపడానికి నువ్వెవరమ్మా? ఆర్డరేదీ, చూపించు" అన్నాడాయన. ఆమె ఫోన్ తీసి వాట్సాప్ గ్రూపులో వచ్చిన డ్యూటీ చార్టు చూపించింది. అందులో ఆమె పేరు, తేదీ, షిఫ్టు టైము ఉన్నాయి. అంతే. కారు వెళ్లిపోయింది. ఎందుకు వదిలేశావని సాయంత్రం ఆమెకే మెమో వచ్చింది.

ఆ డ్యూటీ చార్టు తయారైన సెక్షన్‌లో నేనూ పనిచేశాను. ఆమెకు పని అప్పజెప్పాం. పనితో పాటు వెళ్లాల్సిన అధికారం మాత్రం ఫైల్లోనే ఉండిపోయింది. ఇంకో చెక్‌పోస్టులో ఇదే తప్పు తలకిందులుగా జరిగింది. ఏ అధికారమూ లేని వాలంటీర్ ఒకతను, గుండె చికిత్సకు వెళ్తున్న ముసలాయన్ని రెండు గంటలు ఎండలో నిలబెట్టాడు. ఒకచోట పనిచేసే మనిషి నష్టపోయింది, ఇంకోచోట పౌరుడు నష్టపోయాడు. రెండింటికీ కారణం ఆర్డర్ సరిగ్గా రాయకపోవడమే.

డీఎంహెచ్‌వోలు (జిల్లా వైద్య ఆరోగ్య అధికారులు), ప్రోగ్రాం ఆఫీసర్లు, పీహెచ్‌సీ డాక్టర్లు, వాళ్ల సంతకం కోసం ప్రొసీడింగ్స్ (ఆఫీసు ఉత్తర్వులు) డ్రాఫ్టు చేసే సూపరింటెండెంట్లు, సీనియర్ అసిస్టెంట్లు: ఈ వ్యాసం మీ కోసం. మళ్లీ ఎప్పుడో ఏదో జబ్బు వస్తుంది. ఆ రాత్రి పదకొండింటికి ఆర్డర్ టైపు చేయాల్సింది మీరే.

ముందు తేల్చుకోవాల్సింది: ఇది పనా, అధికారమా?

ఒకే ఒక్క ప్రశ్న వేసుకోండి. స్క్రీనింగ్‌కు వచ్చిన మనిషి "నాకొద్దు" అంటే ఏం జరుగుతుంది?

"సరే అమ్మా, మళ్లీ ఎప్పుడైనా రండి" అని పంపించేదైతే అక్కడ చట్టబద్ధమైన అధికారం ఏమీ లేదు, అప్పగించడానికీ ఏమీ లేదు. డ్యూటీ ఆర్డర్ చాలు. మన దగ్గర జరిగే స్క్రీనింగ్‌లలో ఎక్కువ భాగం ఇలాంటివే. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలై, 2023 జనవరి 18న రెండో విడత ప్రారంభమైన కంటి వెలుగు ఇలాంటిదే. పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల్ని చూసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, ఇంటింటికీ తిరిగి బీపీ, షుగరు చూసే సర్వే, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు కూడా అంతే. వీటిలో ఏ ఒక్కదానికీ బలవంతం లేదు. టార్గెట్ పూర్తి కాలేదని "తప్పనిసరిగా చేయించుకోవాలి" అన్న మాట ఆర్డర్‌లో రాశారంటే, లేని అధికారాన్ని మీ సంతకంతో పుట్టించినట్టే. జాకబ్ పులియెల్ కేసులో 2022 మే 2న సుప్రీంకోర్టు, మనిషి శరీరం మీద మనిషికే హక్కని, ఎవరికీ బలవంతంగా టీకా వేయరాదని చెప్పింది. వేలు గుచ్చి రక్తం తీయడానికీ ఈ మాటను గుర్తుపెట్టుకుని నడుచుకోవడం మంచిది.

హెచ్‌ఐవీ పరీక్ష విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. అన్నీ వివరించి సమ్మతి తీసుకున్నాకే పరీక్ష చేయాలని అది చెబుతుంది. కోర్టు ఆదేశం, రక్తదానంలో రక్తాన్ని పరీక్షించడం లాంటి కొన్ని మినహాయింపులు చట్టంలోనే ఉన్నాయి. క్యాంపులో "అన్ని టెస్టులతో పాటు ఇదీ" అని కలిపేయమని చెప్పే అధికారం కలెక్టరుకూ లేదు, మీకూ లేదు. లేనిదాన్ని కిందికి ఇవ్వలేం కదా.

ఆపడం, నిలిపి ఉంచడం, ఇంట్లోకి వెళ్లి చూడడం, వేరుగా ఉంచడం, రికార్డులు తెమ్మనడం, కేసు పెట్టడం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అది అధికారం. అప్పుడు కింది మెట్లన్నీ ఎక్కాల్సిందే.

అధికారం ఎక్కడి నుంచి వచ్చిందో పైదాకా వెతకండి

ప్రతి అధికారానికీ పుట్టిల్లు ఉంటుంది. ఏ చట్టం, ఏ సెక్షన్, దాని కింద ఏ జీవో, ఆ జీవోలో ఏ పేరా అన్నవి కాగితాలుగా తీసి టేబుల్ మీద పెట్టుకోండి. జూమ్ మీటింగులో పైవాళ్లు చెప్పారన్నది ఆధారం కాదు.

మనకు తరచూ పనిబడేది 1897 నాటి అంటువ్యాధుల చట్టం. బొంబాయి ప్లేగు రోజుల్లో హడావిడిగా చేసిన చిన్న చట్టం. సెక్షన్ 2 ప్రకారం ప్రమాదకరమైన అంటువ్యాధి వచ్చిందని, మామూలు చట్టాలు చాలవని రాష్ట్ర ప్రభుత్వం అనుకుంటే, తానే చర్యలు తీసుకోవచ్చు, లేదా ఏ వ్యక్తికైనా ఆ అధికారం ఇవ్వవచ్చు, తాత్కాలిక నిబంధనలు ప్రకటించవచ్చు. రైల్లోనో మరో విధంగానో ప్రయాణించేవాళ్లను తనిఖీ చేయడం, జబ్బు ఉందని అనుమానం వచ్చినవాళ్లను విడిగా ఉంచడం ఇందులో స్పష్టంగా ఉన్నాయి. ఈ సెక్షన్‌ను నెమ్మదిగా రెండుసార్లు చదవండి. అధికారం ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వం. కలెక్టరు కాదు, డీఎంహెచ్‌వో కాదు. 2020 మార్చిలో రెండు తెలుగు రాష్ట్రాలూ ఈ చట్టం కిందే కోవిడ్ నిబంధనలు తెచ్చాయి. జిల్లాలో ఎవరు ఏం చేయవచ్చో ఆ నిబంధనల నుంచే వచ్చింది.

రెండోది 2005 విపత్తు నిర్వహణ చట్టం. 2020 మార్చి 11న కేంద్ర హోం శాఖ ఇచ్చిన ఉత్తర్వును నమూనాగా చూడొచ్చు. సెక్షన్ 10 కింద హోం కార్యదర్శికి ఉన్న అధికారాల్లో కొన్నింటిని, సెక్షన్ 69 ఇచ్చిన వీలుతో, ఆరోగ్య శాఖ కార్యదర్శికి దఖలు పరిచారు, అంటే అప్పగించారు. ఏ అధికారం, ఏ సెక్షన్ మీద, ఎవరి నుంచి ఎవరికి అన్నది చిన్న కాగితంలో తేలిపోయింది. జిల్లా స్థాయికి వచ్చేసరికి జాగ్రత్తగా ఉండండి. సెక్షన్ 26(3) జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు, దాని అధ్యక్షుడైన కలెక్టరుకు డెలిగేషన్ వీలు, అంటే అధికారాన్ని కిందికి అప్పగించే వీలు, ఇస్తుంది గానీ, ఆ సంస్థ ముఖ్య కార్యనిర్వహణాధికారికి మాత్రమే. ఈ సెక్షన్ రాసి తహసీల్దారుకు పవర్స్ ఇచ్చేస్తే, ఆ ఆర్డర్ కోర్టులో మొదటి వాయిదాలోనే వీగిపోతుంది.

విమానాశ్రయాల దారి వేరు. అక్కడ 1954 నాటి భారత విమాన ప్రజారోగ్య నిబంధనలు నడుస్తాయి. అధికారం కేంద్రం నియమించిన హెల్త్ ఆఫీసరుది. ఎల్లో ఫీవర్ దేశం నుంచి చెల్లుబాటయ్యే టీకా సర్టిఫికెట్ లేకుండా శంషాబాద్‌లో దిగిన ప్రయాణికుణ్ని 6 రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచే అధికారం ఆ నిబంధనల నుంచి వచ్చినదే. జిల్లా సిబ్బందిని సాయం పంపితే వాళ్లు సాయం చేస్తారు, నిర్ణయం మాత్రం ఆ హెల్త్ ఆఫీసరుదే. ఇక మద్రాసు ప్రెసిడెన్సీలో 1939లో వచ్చిన ప్రజారోగ్య చట్టం పేరు మార్చుకుని ఆంధ్ర ప్రాంతంలో ఇంకా ఉంది. దాన్ని బీరువాలోంచి తీసి చదివే ఆఫీసులు తక్కువ. మీ జిల్లాకు అది వర్తిస్తే ఒక కాపీ దగ్గర పెట్టుకోండి.

దాన్ని కిందికి ఇవ్వొచ్చా?

అప్పగించబడినవాడు మళ్లీ అప్పగించరాదు. న్యాయశాస్త్రంలో ఇది పాత సూత్రం. చట్టం స్పష్టంగా వీలిస్తే తప్ప, మీకు పైనుంచి వచ్చిన అధికారాన్ని మీరు ఇంకొకరి చేతిలో పెట్టలేరు. సాహ్ని సిల్క్ మిల్స్ కేసు 1994లో సుప్రీంకోర్టు ముందుకు ఇలాగే వచ్చింది. కార్మికుల బీమా కోసం ఉన్న ఈఎస్‌ఐ చట్టం కింద ఈఎస్‌ఐ కార్పొరేషన్ తన అధికారాన్ని డైరెక్టర్ జనరల్‌కు ఇచ్చింది. ఆయన దాన్ని ప్రాంతీయ డైరెక్టర్లకు దించాడు. మొదటి మెట్టుకు చట్టంలో చోటుంది, రెండో మెట్టుకు లేదు. కోర్టు ఒప్పుకోలేదు.

కాబట్టి జీవో చేతికి రాగానే అధికారం ఎవరికి ఇచ్చారో, అక్కడ ఏ మాటలు వాడారో చూడండి. "కలెక్టరు లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి" అని ఉంటే కలెక్టరు కిందికి ఇవ్వొచ్చు. ఉత్త "కలెక్టరు" అని ఉంటే ఆగిపోవాలి. "ఫలానా హోదాకు తక్కువ కాని అధికారి" అంటే ఆ గీత కిందికి దిగకూడదు. గీత దాటాల్సిన అవసరం నిజంగా ఉంటే మీరు దాటొద్దు. పేరా సవరించమని ప్రభుత్వానికి లేఖ రాయండి. కోవిడ్ రోజుల్లో సవరణ జీవోలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. అడిగితే ఇవ్వరనుకోవద్దు.

ఏది చేతిలో ఉంచుకోవాలి, ఏది ఇవ్వాలి

కిందికి ఇచ్చే వీలుందని తేలినా అన్నీ ఇచ్చేయాలని కాదు. పనిని మూడుగా విడదీసి చూడండి. చూడడం, అడగడం, రాసుకోవడం ఒక రకం. తాత్కాలికంగా నిలపడం రెండో రకం. మనిషి స్వేచ్ఛను గానీ ఆస్తిని గానీ తాకే నిర్ణయం మూడో రకం.

మొదటి రకం ఏఎన్‌ఎంకు, హెల్త్ అసిస్టెంటుకు ఇవ్వొచ్చు. ఇది చాలావరకు విచారణ పనే. నిర్ణయం తీసుకోవాల్సినవాడు వాస్తవాలు సేకరించే పనిని వేరే అధికారితో చేయించుకోవచ్చని 1955లోనే ప్రద్యత్ కుమార్ బోస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రెండో రకం ఎవరికన్నది కింది నమూనాలో చూపించాను. మూడో రకం మెడికల్ ఆఫీసరు కంటే కిందికి దిగకూడదని నా గట్టి అభిప్రాయం. ఒక మనిషిని పద్నాలుగు రోజులు విడిగా ఉంచే నిర్ణయం, ఆ మనిషిని చూసిన డాక్టరు రాతపూర్వకంగా తీసుకోవాలి. జాబితా చూసి డేటా ఎంట్రీ ఆపరేటర్ తీసుకునేది కాదు అది.

ఇక్కడ మన రాష్ట్రం కేసు ఒకటి తెలుసుకోవాలి. గుల్లపల్లి నాగేశ్వరరావు వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ. బస్సు రూట్ల జాతీయం మీద ప్రైవేటు ఆపరేటర్ల అభ్యంతరాలను శాఖ కార్యదర్శి విన్నారు, నిర్ణయం ముఖ్యమంత్రి ఇచ్చారు. విన్నది ఒకరు, తీర్పు ఇచ్చింది ఇంకొకరు కావడం న్యాయవిచారణ కాదని సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మనకు పనికొచ్చేది ఇదే: ఎవరి మొర వినాల్సిన బాధ్యత చట్టం పెట్టిందో, అక్కడ విన్నవాడే సంతకం పెట్టాలి. మెడికల్ ఆఫీసరు విని, డిప్యూటీ డీఎంహెచ్‌వో ఆర్డర్ ఇచ్చే పద్ధతి పెట్టకండి.

ఇంకొకటి. ఇంట్లోకి వెళ్లి తనిఖీ చేసే అధికారాన్ని వీలైనంత పైన ఉంచండి. 1897లో పూణేలో ప్లేగు కమిషనర్ డబ్ల్యూ.సి. రాండ్ ఇంటింటి సోదాలకు సైనికులను పంపాడు. ఆడవాళ్లను నలుగురి ముందు నిలబెట్టి చూశారని ఊరు రగిలిపోయింది. ఆ జూన్ 22న చాపేకర్ సోదరులు అతణ్ని కాల్చారు. కాగితం మీద అది కూడా ప్రజారోగ్య స్క్రీనింగే. మనం వాడుతున్న చట్టం వయసు, ఆ జ్ఞాపకం వయసు ఒక్కటే. అందుకే ఆడవాళ్లను మహిళా సిబ్బందే, తెర వెనకే చూడాలన్న షరతు మీ ఆర్డర్‌లోనే ఉండాలి. "మామూలుగా అలాగే చేస్తారు కదా" అని వదిలేయొద్దు.

ఎవరికి ఇవ్వాలి

హోదాకు ఇవ్వండి. పేరుకు ఇస్తే బదిలీ అయిన రోజు మీ ఆర్డర్ కూడా ఆగిపోతుంది. జనరల్ క్లాజెస్ చట్టం పదవి పేరుతో నియమించడానికి వీలిస్తుంది కాబట్టి "పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరు, ఫలానా మండలం" అని రాస్తే, రేపు వచ్చే కొత్త డాక్టరుకూ అది అంటుతుంది. ఒక పీహెచ్‌సీలో ఇద్దరు డాక్టర్లుంటే ఎవరో తేల్చండి.

ఇన్‌చార్జి విషయంలో తొందరపడొద్దు. పూర్తి అదనపు బాధ్యత, అంటే మన ఆఫీసు భాషలో ఎఫ్‌ఏసీ, ఇచ్చారా, లేక రోజువారీ పనులు చూడమన్నారా? కేవలం రోజువారీ పనులు చూసే అధికారి ఆ పదవికున్న చట్టబద్ధ అధికారాలు వాడరాదని కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వుల్లో చాలాకాలంగా ఉంది. మీ జిల్లాలో ఎఫ్‌ఏసీ ఆర్డర్ కాపీ లేకుండా ఇన్‌చార్జి సంతకంతో క్వారంటైన్ ఆర్డర్లు వెళ్తుంటే ఇవాళే ఆపండి.

ఆశా కార్యకర్తకు నిలిపే అధికారం, కేసుపెట్టే అధికారం ఇవ్వకండి. ఆమె ప్రోత్సాహకం మీద పనిచేసే ఊరి మనిషి. రేపు పొద్దున్న అదే వీధిలో, అదే ఇంటి ముందు నుంచి నడవాలి. ఆమె బలం నమ్మకం. చేతిలో లాఠీ పెడితే ఆ నమ్మకం పోతుంది. ఔట్‌సోర్సింగ్ సిబ్బందికి, వాలంటీర్లకు కూడా అంతే.

అయితే ఆమెకు రక్షణ మాత్రం ఉంది, ఆ సంగతి ఆమెకు చెప్పాలి. అంటువ్యాధుల చట్టానికి 2020లో వచ్చిన సవరణ డాక్టర్లు, నర్సులతో పాటు సమాజంలో తిరిగే ఆరోగ్య కార్యకర్తలనూ కాపాడుతుంది. మహమ్మారి సమయంలో వాళ్ల మీద దాడి చేస్తే 3 నెలల నుంచి 5 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా. తీవ్రంగా గాయపరిస్తే 6 నెలల నుంచి 7 ఏళ్లు. బెయిలు దొరకని నేరం. ఇన్‌స్పెక్టర్ స్థాయి అధికారి 30 రోజుల్లో దర్యాప్తు ముగించాలి.

ఇక ఆర్డర్ రాద్దాం

ఒక పేజీ చాలు, మహా అయితే రెండు. మొదట తెలుగులో రాయండి. చెక్‌పోస్టులో దాన్ని చదివేది, చదివించుకునేది తెలుగువాళ్లే. తెలుగును అధికార భాషగా చేసిన చట్టం 1966 నుంచీ ఉన్నా, మన ప్రొసీడింగ్స్ ఇంకా ఇంగ్లీషులోనే తిరుగుతున్నాయి. జీవోలో కలెక్టరుకు కిందికి ఇచ్చే వీలుందనుకుని ఒక నమూనా ఇస్తున్నాను. చుక్కలు మీరు నింపుకోండి.

"విషయం: ప్రజారోగ్యం – …… వ్యాధి – …… చెక్‌పోస్టు వద్ద ప్రయాణికుల స్క్రీనింగ్ – కొన్ని అధికారాలు దఖలు పరచడం – ఉత్తర్వులు.

సూచిక: 1. అంటువ్యాధుల చట్టం, 1897, సెక్షన్ 2. 2. ఆ సెక్షన్ కింద ప్రభుత్వ నిబంధనలు, జీవో నం. ……, తేదీ ……, పేరా …….

ఉత్తర్వు: సూచిక 2లోని పేరా …… ద్వారా నాకు దఖలుపడిన అధికారాలను వినియోగించుకుని, ఈ కింది అధికారాలను వాటి ఎదుట చూపిన అధికారులకు, కింది షరతులకు లోబడి అప్పగిస్తున్నాను.

అ) వాహనం ఆపమని కోరడం, ప్రయాణికుల ఉష్ణోగ్రత చూడడం, ప్రయాణ వివరాలు అడిగి నమోదు చేయడం: డ్యూటీలో ఉన్న ఏఎన్‌ఎం, హెల్త్ అసిస్టెంటు.

ఆ) లక్షణాలున్న వ్యక్తిని మెడికల్ ఆఫీసరు చూసేదాకా, గరిష్ఠంగా …… గంటలు నిలిపి ఉంచడం: డ్యూటీలో ఉన్న హెల్త్ సూపర్‌వైజరు.

ఇ) ఆసుపత్రికి గానీ ఐసొలేషన్‌కు గానీ పంపుతూ రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వడం: పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరు, …….

షరతులు: అప్పగించిన అధికారాన్ని ఎవరూ మరొకరికి అప్పగించరాదు. మహిళలను మహిళా సిబ్బందే చూడాలి. అత్యవసర వైద్యానికి వెళ్లేవారిని ఆపరాదు. నిలిపిన ప్రతి ఒక్కరి పేరు, సమయం, కారణం, వదిలిన సమయం రిజిస్టర్‌లో రాయాలి. వ్యక్తికి ఆర్డర్ కాపీ ఇచ్చి, ఎవరికి మొరపెట్టుకోవాలో చెప్పాలి.

ఈ ఉత్తర్వు …… తేదీ ఉదయం …… గంటల నుంచి …… తేదీ దాకా అమల్లో ఉంటుంది. అవసరమైతే అంతకుముందే ఉపసంహరించబడుతుంది."

ఈ నమూనాలో నాకు అన్నిటికంటే ముఖ్యమైనవి గంటల పరిమితి, ముగింపు తేదీ. ఈ రెండూ లేని ఆర్డర్ మీద సంతకం పెట్టొద్దని పైఅధికారికి చెప్పే ధైర్యం సూపరింటెండెంటుకు ఉండాలి.

కారణం కూడా ఆర్డర్‌లోనే రాయాలి. ఉత్తర్వు నిలబడేదీ పడిపోయేదీ దానిలో రాసిన కారణాలతోనే, తర్వాత అఫిడవిట్‌లో కొత్తవి చేర్చలేమని 1977లో మొహిందర్ సింగ్ గిల్ కేసులో తేలిపోయింది. సెక్షన్ నంబరు పొరపాటున తప్పు పడితే కోర్టులు సాధారణంగా క్షమిస్తాయి, అసలు అధికారం ఎక్కడో ఒకచోట ఉంటే. అధికారమే లేకపోతే ఎంత అందమైన డ్రాఫ్టూ కాపాడదు. వెనక తేదీ వేయడం మాత్రం ఎప్పుడూ, ఎవరు చెప్పినా, చేయకండి. మొన్న ఆపిన మనిషికి ఇవాళ అధికారం పుట్టించలేం. అలా చేస్తే మొదటి తప్పు మీద రెండో తప్పు, అదీ క్రిమినల్ తప్పు.

కాగితం మనిషి చేతికి చేరాలి

ప్రతి మనిషికీ సంతకంతో కాపీ ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. లామినేషన్ చేయించిన ఒక కాపీ చెక్‌పోస్టు టెంటుకు కట్టండి. పోలీసు స్టేషన్‌కు, తహసీల్దారు ఆఫీసుకు, పంచాయతీకి ఒక్కోటి పంపండి. ఈ పనికి అరగంట పడుతుంది. ఆ ఏఎన్‌ఎం చేతిలో ఆ రోజు ఈ ఒక్క కాగితం ఉండి ఉంటే సాయంత్రం మెమో వచ్చేది కాదు.

తర్వాత ఒక గంట కూర్చోబెట్టి మాట్లాడండి. సెక్షన్లు చదివి వినిపించొద్దు. "ఆగను పో అంటే ఏం చేస్తావు? ఏడ్చే పిల్లతో తల్లి వస్తే ఏం చేస్తావు? కానిస్టేబుల్ లేకపోతే?" అని అడిగి సమాధానాలు చెప్పించండి. నా అనుభవంలో సిబ్బందికి ఎక్కువగా ఉపయోగపడే మాట ఇది: "చేయిపట్టి లాగే అధికారం నీకు లేదు. నంబరు రాసుకో, సూపర్‌వైజరుకు చెప్పు, అంతటితో నీ పని అయిపోయింది." ఇది వినగానే వాళ్ల ముఖంలో భారం దిగడం చాలాసార్లు చూశాను.

ఇచ్చేశాక మీ బాధ్యత

అధికారం ఇచ్చినంత మాత్రాన అది మీ చేతిలోంచి పోదు. 1890 నాటి ఇంగ్లండ్ కేసు ఒకటుంది, హూత్ వర్సెస్ క్లార్క్. కుక్కలకు రేబిస్ రాకుండా మూతికి చిక్కం కట్టాలన్న నిబంధన మీద వచ్చింది. కింది కమిటీకి అప్పగించినా పై కమిటీ అధికారం అలాగే ఉంటుందని అందులో తేల్చారు. అంటే కిందివాళ్లు తప్పు చేస్తుంటే మీరు దిగి సరిచేయవచ్చు. సరిచేయకపోతే జవాబు చెప్పాల్సిందీ మీరే.

దీనికి ఒక మెలిక ఉంది. కింది అధికారి ఒకసారి ఆర్డర్ ఇచ్చేశాక, చట్టం దృష్టిలో అది అప్పగించినవాడి ఆర్డరే. పంజాబ్ భూముల చట్టం మీద వచ్చిన రూప్‌చంద్ కేసులో సుప్రీంకోర్టు అలాగే అంది. కాబట్టి మీరు ఇచ్చిన అధికారంతో వచ్చిన ఆర్డర్ మీద అప్పీలు మళ్లీ మీ దగ్గరికే పెట్టకండి. నిబంధనల్లో అప్పీలు ఎవరికి ఉందో చూసి ఆ హోదా పేరే రాయండి.

రోజూ సాయంత్రం రిజిస్టర్ ఫోటో తెప్పించుకోండి. ఎంతమందిని చూశారన్న అంకె కంటే ఎంతమందిని ఎంతసేపు ఆపారన్న వరుసలు ముందు చదవండి. వారానికి ఒకసారి చెప్పకుండా వెళ్లి చూడండి.

ఎవరైనా ఆర్డర్ ధిక్కరిస్తే

అంటువ్యాధుల చట్టం సెక్షన్ 3 ప్రకారం ధిక్కారానికి శిక్ష పాత ఐపీసీ 188 కింద ఉండేది. 2024 జులై 1 నుంచి ఆ స్థానంలో భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 223 వచ్చింది. 6 నెలల దాకా జైలు లేదా 2,500 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మనుషుల ప్రాణానికి ముప్పు తెచ్చే ధిక్కారమైతే ఏడాది, 5,000. ఈ సెక్షన్‌లో రెండు మాటలు మీకు ముఖ్యం. ఆర్డర్ ఇచ్చినవాడికి చట్టప్రకారం అధికారం ఉండాలి, ధిక్కరించినవాడికి ఆ ఆర్డర్ సంగతి తెలిసి ఉండాలి. పైన చెప్పిన మెట్లన్నీ ఈ రెండు మాటల కోసమే అనుకోండి.

పోలీసులు సొంతంగా చార్జిషీటు వేస్తే కోర్టు ఈ నేరాన్ని విచారణకు తీసుకోదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 215 ప్రకారం ఆ ప్రభుత్వ ఉద్యోగి గానీ, ఆయన పైఅధికారి గానీ, ఆయన అధికారమిచ్చిన మరో ప్రభుత్వ ఉద్యోగి గానీ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఆ మూడోది కొత్త చట్టంలో వచ్చింది, పాతదాంట్లో లేదు. మీ ఆర్డర్‌లోనే "ఫిర్యాదు చేయడానికి …… కు అధికారమిస్తున్నాను" అని ఒక వాక్యం చేర్చుకుంటే పని తేలికవుతుంది. విపత్తు నిర్వహణ చట్టం కింద వెళ్తే సెక్షన్ 60 కూడా ఇలాంటి గుమ్మమే. సంబంధిత సంస్థ గానీ, ప్రభుత్వం గానీ, వాళ్లు అధికారమిచ్చిన అధికారి గానీ, కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇచ్చిన వ్యక్తి గానీ ఫిర్యాదు చేయాలి.

ల్యాబులను, రికార్డులను చూసే అధికారం

స్క్రీనింగ్‌లో అధికారం అనగానే మనకు జనాన్ని ఆపడమే గుర్తొస్తుంది. పరీక్ష చేసేవాళ్లను పరీక్షించే అధికారం గురించి తక్కువ మంది ఆలోచిస్తారు. న్యూజిలాండ్‌లోని గిస్‌బోర్న్‌లో ఒక పాథాలజిస్టు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ స్లైడ్లు ఏళ్ల తరబడి తప్పుగా చదివాడు. బాగున్నామని నమ్మి ఇంటికి వెళ్లిన ఆడవాళ్లకు జబ్బు ముదిరాక తెలిసింది. విచారణ సంఘం 2001లో నివేదిక ఇచ్చింది. కార్యక్రమాన్ని మదింపు చేయాలంటే రికార్డులు చేతికి రావాలన్న అవసరం అప్పుడు గట్టిగా తెలిసింది. 2004లో ఆ దేశం తన 1956 ఆరోగ్య చట్టంలో ఈ ఒక్క కార్యక్రమం కోసమే ప్రత్యేక భాగం చేర్చింది. మదింపు చేసేవాళ్లను పేరుపెట్టి నియమించి, అవసరమైన ఆరోగ్య రికార్డులను చూసే అధికారం చట్టంతోనే ఇచ్చింది.

మన క్యాన్సర్ స్క్రీనింగ్‌కు అలాంటి చట్టం లేదు. అందుకని ప్రైవేటు ల్యాబుతో ఒప్పందం రాసేటప్పుడే ఆ హక్కు సంపాదించుకోవాలి. స్లైడ్లు, రిపోర్టులు ఎప్పుడు అడిగితే అప్పుడు చూపాలని, మన తరఫున ఫలానా హోదా గల అధికారి వచ్చి చూస్తారని, కొన్ని శాంపిళ్లు వేరే ల్యాబులో తిరిగి చదివిస్తామని ఒప్పందంలో రాసుకోండి. రేటు మీద నెల రోజులు బేరమాడతాం గానీ ఈ మూడు వాక్యాలు అడగడం మరిచిపోతాం.

ముగించే రోజు

ఆర్డర్ ముగింపు తేదీ వచ్చిన సంగతి దానంతటదే అందరికీ గుర్తుండదు. జనరల్ క్లాజెస్ చట్టం సెక్షన్ 21 ప్రకారం ఆర్డర్ ఇచ్చే అధికారంలోనే దాన్ని సవరించే, రద్దుచేసే అధికారమూ ఉంది. రాష్ట్ర చట్టం కింద పనిచేస్తుంటే రాష్ట్ర జనరల్ క్లాజెస్ చట్టం చూసుకోండి. రెండు వాక్యాల ఉపసంహరణ ఉత్తర్వు రాసి, మొదటి ఆర్డర్ ఎవరెవరికి వెళ్లిందో వాళ్లందరికీ పంపండి. టెంటుకు కట్టిన లామినేషన్ కాపీ విప్పించండి. రిజిస్టర్లు, అందినట్టు సంతకాల షీట్లు, డాక్టర్లు ఇచ్చిన రాతపూర్వక ఆర్డర్లు ఒకే ఫైల్లో కట్టి రికార్డు రూముకు పంపించండి. అప్పటికి ఇంకా ఐసొలేషన్‌లో ఉన్నవాళ్లు ఎవరైనా మిగిలి ఉంటే, ఆ పేర్లు విడిగా రాసి, ఒక్కొక్కరి విషయంలో అదే రోజు మెడికల్ ఆఫీసరు చేత నిర్ణయం తీసుకోమనండి. ఆ జాబితా ఖాళీ అయ్యేదాకా ఫైలు మూయొద్దు.